సూది కన్ను ఎక్కడ?

సోమవారం సాయంత్రం ఆసుపత్రి మందుల కౌంటరు నుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చున్న ఉకారంగారికి ఒళ్ళు మండింది. ‘కుట్టుమిషను’ వ్యాసంలో ఆ కత్తెర మళ్ళీ చెయ్యి పెట్టింది.

ఉకారంగారు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. అందరూ కలిసి రాసుకునే అంతర్జాల విజ్ఞానసర్వస్వంలో పదకొండేళ్ళుగా ఆయన జీతం లేని కాపలాదారు. ఎవరైనా ‘బస్’ అని రాస్తే ‘బస్సు’ అనీ, ‘పెన్’ అని రాస్తే ‘పెన్ను’ అనీ దిద్దేవారు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి గానీ పొల్లుతో గొంతు నొక్కేసినట్టు ఆగిపోకూడదని ఆయన పట్టుదల. దానికోసం చర్చాపేజీల్లో చేసిన యుద్ధాలు చూసి తోటివాళ్ళు వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఆయన చిన్నబుచ్చుకోకపోగా మురిసిపోయి, తన ఖాతాకి కూడా అదే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు భార్య సైతం వంటింట్లోంచి, “ఉకారంగారూ, ఆ ఫ్యాను కట్టేసి రండి” అని పిలుస్తుంది.

కుట్టుమిషను వ్యాసం ఆయన ఎనిమిదేళ్ళ క్రితం సొంతంగా మొదలుపెట్టి, ముచ్చటపడి రాసుకున్నది. అందులో ఒక వాక్యం: ‘దారాన్ని సూది పైకొసన ఉండే కన్నులోంచి దూర్చవలెను.’ శనివారం నాడు ‘కత్తెర’ అనే కొత్త పేరుతో ఎవరో వచ్చి దాన్ని ‘కింద మొన దగర ఉండే కను’ అని మార్చారు. మూలం చూపలేదు. ఉకారంగారు పాతవాక్యాన్నే తిరిగి నిలబెట్టారు. ఆదివారం మళ్ళీ అదే మార్పు. ఆయన మళ్ళీ వెనక్కి తిప్పి, కత్తెర పేజీలో ఒక సందేశం వదిలారు. దానికి జవాబు వచ్చింది.

‘అయ్యా నేను ముపై ఏళ్ళుగా కుడుతునాను. మిషను సూదికి కను మొన దగరే ఉంటుంది. పైనుంటే కుటు పడదు.’

ఉకారంగారు వెంటనే రాశారు. ‘స్వానుభవం మూలం కాదు. అచ్చయిన పుస్తకం చూపండి. అలాగే, ముప్ఫై, కుడుతున్నాను, కన్ను, దగ్గర, కుట్టు అని రాయాలి. ఒత్తులు మరిచిపోకండి.’

అంతటితో వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం పనిగట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళి, ఇళ్ళలో వాడే యంత్రాల గురించిన ఒక లావుపాటి పుస్తకం తీయించి, డెబ్భైనాలుగో పుటలో ‘సూది పైకొసన ఉండే కన్ను’ అన్న మాట వెతికి పట్టుకున్నారు. పుస్తకం పేరు, పుట సంఖ్యతో సహా వ్యాసం అడుగున చేర్చారు. ఇక నోరెత్తడానికి లేదనుకున్నారు.

ఇప్పుడు చూస్తే ఆ పుట సంఖ్య పక్కనే కత్తెర రాసిన మాటలు ఉన్నాయి. ‘ఆ పుసకం రాసినాయన ఎపుడైనా కుటాడేమో అడగండి. మీ ఇంటో మిషను ఉంటే ఒకసారి వంగి చూడండి. అదే మూలం.’

వ్యాసంలో సూది కన్ను మళ్ళీ కిందికి దిగి ఉంది.

ఉకారంగారు నిర్వాహకుడు కూడా. అంటే గొడవ చేసేవాళ్ళని ఆపే అధికారం ఆయనకుంది. టీ చల్లారకముందే ఆ పని అయిపోయింది. ‘మూలాలను లెక్కచేయక పదేపదే మార్పులు. మూడు రోజుల నిషేధం.’

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. ‘బామ్మ’ అన్న పేరుతో రాసే అమ్మాయి. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం, ఇరవయ్యారేళ్ళ వయసు. ఇంట్లో అందరికీ సుద్దులు చెబుతుందని తమ్ముడు పెట్టిన పేరు.

“అన్నయ్యగారూ, ఏం చేశారండీ మీరు?”

“నియమం ప్రకారం చేశానమ్మా.”

“ఆ మనిషి మిమ్మల్ని ఒక్క మాటనలేదు. అయ్యా అని మొదలుపెట్టారు. సూది గురించి చెబితే మీరు ఒత్తుల గురించి మాట్లాడారు.”

“తప్పుంటే దిద్దకూడదా?”

“దిద్దండి, ఎవరు కాదన్నారు? ముందు కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, తర్వాత దిద్దండి. ఇలా గుమ్మంలోనే నిలబెట్టి ఒత్తులు లెక్కపెడితే రేపు మనింటికి ఇంకెవరొస్తారండీ?”

“చూద్దాంలే” అని ఆయన ఫోను పెట్టేశారు.

భోజనాల దగ్గర ఆయన ఇదంతా ఒక వినోదంలా చెప్పారు. భార్య వడ్డిస్తూ ఊఁ కొడుతోంది. ఎదురుగా అత్తగారు మజ్జిగ కలుపుకుంటోంది. ఆవిడ అల్లుడి రాతకోతల గురించి ఏనాడూ అడిగి ఎరగదు.

“మీ ఇంట్లో మిషనుంటే వంగి చూడండి, అదే మూలమట! చూశారా ఎంత పెంకితనమో!” అని నవ్వారు ఉకారంగారు.

అత్తగారి చెయ్యి ఆగింది. “దేనికండీ వంగి చూడమన్నాడు?”

“సూది కన్ను కోసమండీ. కన్ను మొన దగ్గరుంటుందట. పైన కదా ఉండేది!”

“పైన ఉంటుందని ఎవరు రాశారు?”

“నేనేనండీ.”

ఆవిడ ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత మజ్జిగ పొలమారి, కూతురు వచ్చి నెత్తిమీద తట్టేదాకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, “అల్లుడుగారూ, చెయ్యి కడుక్కుని ఆ కంప్యూటరు కాస్త పక్కన పెడతారా?” అంది.

ఆయన కంప్యూటరు పెట్టుకున్న బల్ల బల్ల కాదు. ఆవిడ కుట్టుమిషను. తలని లోపలికి మడిచి, పైన చెక్కమూత వేసేస్తే చదునుగా ఉంటుంది. చూపు తగ్గి ఆవిడ కుట్టడం మానేశాక దాన్ని ఆయనకి ఇచ్చేసింది. తొమ్మిదేళ్ళుగా ఆయన దానిమీదే రాస్తున్నారు. ఏదైనా తెగని చర్చ వస్తే కింద తొక్కుడుపలక మీద పాదాలు పెట్టి ఊపుతూ ఆలోచించడం ఆయనకి అలవాటు కూడాను.

ఆవిడ మూత తీసి, లోపలినుంచి మిషను తలని పైకి లేపి, గూట్లో కూర్చోబెట్టింది. కళ్ళజోడు ఉన్నా లాభం లేదన్నట్టు తీసి పక్కన పెట్టి, వేళ్ళతో తడుముతూ దారాన్ని ఒక్కొక్క కొక్కెంలోంచి దించుకుంటూ వచ్చింది. సూది దగ్గరికొచ్చేసరికి దారం కొస అల్లుడికి అందించింది.

“ఎక్కించండి.”

ఆయన వంగారు. సూది పైభాగం మరలో బిగించి ఉంది. అక్కడ కన్ను పెట్టడానికి చోటే లేదు. కన్ను మొనకి కాస్త పైన, చీమ కన్నంత ఉంది. ఆయన మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కించారు. ఆవిడ కుట్లు ఊడిన దిండుగలీబు ఒకటి తెచ్చి సూది కింద పరిచింది.

“ఇప్పుడు చక్రం మెల్లగా తిప్పండి. చూశారా, మొన గుడ్డలోకి దిగుతూ దారాన్ని వెంట తీసుకెళ్తోంది. కింద ఇంకో దారం దానికి మెలిక వేసుకుంటోంది. కన్ను పైనుంటే సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతల పడాలి, చేతికుట్టులాగా. ఇక మిషనెందుకు?”

“ఇది పాతకాలం మిషను కదండీ” అన్నారు ఆయన నీళ్ళు నములుతూ. “పుస్తకంలో స్పష్టంగా ఉంది మరి.”

“అయితే ఆ ఊడిపోయిన దిండుగలీబు ఆ పుస్తకాన్నే కుట్టమనండి” అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మరునాడు మందుల కౌంటరు దగ్గర రద్దీగా ఉంది. ఉకారంగారు కిటికీలోంచి చీటీలు అందుకుంటూ, డాక్టర్ల కోడిగీతలు చదువుతూ, మాత్రల అట్టలు కత్తిరించి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని గీతలు గీసి ఇస్తున్నారు. చీటీ లేకుండా ఆయన తలనొప్పి మాత్ర కూడా ఇవ్వరని ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

పదకొండు గంటలకు ఒకావిడ చీటీ ఇచ్చింది. జ్వరానికి మందు, పూటకి రెండు మాత్రలు. ఆయన అట్ట అందుకున్నారు. అలవాటుగా తలెత్తి చూశారు. ఆవిడ చంకలో ఏడాది నిండని పాప, బుగ్గలు ఎర్రగా కాగిపోయి ఉంది.

“మందు ఎవరికమ్మా?”

“పాపకేనండీ. నాకు బాగానే ఉంది.”

ఆయన అట్ట కింద పెట్టి లోపలి ఫోను తీశారు. “డాక్టరుగారూ, కౌంటరు నుంచి. చీటీలో పెద్దవాళ్ళ మోతాదుంది, ఎదురుగా చూస్తే చంటిపిల్ల ఉంది.” అవతల డాక్టరు నాలిక కరుచుకున్నాడు. రెండు చీటీలు తారుమారయ్యాయి. క్షణంలో కొత్త చీటీ వచ్చింది. ఆయన సీసాలో మందు పోసి, కొలత మూతమీద గోటితో గుర్తు పెట్టి చూపించి పంపించారు.

అది ఆయన నెలకి రెండుసార్లయినా చేసే పనే. కానీ ఆవిడ వెళ్ళాక వెనకున్న మనిషి చీటీ చాపినా అందుకోవడం మరిచిపోయి ఒక క్షణం అలా నిలబడిపోయారు. చీటీలో అలా ఉంది, ఎదురుగా చూస్తే ఇలా ఉంది. మీ ఇంటో మిషను ఉంటే ఒకసారి వంగి చూడండి.

“సార్, మందులు” అన్నాడు ఆ మనిషి.

భోజన విరామంలో డబ్బా విప్పకుండానే గ్రంథాలయానికి నడిచారు. అదే పుస్తకం, అదే పుట. ఆదివారంనాడు కావలసిన ఒక్క ముక్క దొరకగానే పుస్తకం మూసేశారు. ఈసారి పేరా మొదటినుంచి చదివారు. చదువుతున్నకొద్దీ ఎక్కడో విన్నట్టుంది. పుట తిప్పితే అక్కడ కనబడింది: ‘కింది దారము బుడ్డిగిరకకు చుట్టబడి యుండును.’

బుడ్డిగిరక!

బాబిను అన్న మాట నచ్చక, రెండురోజులు తల బద్దలుకొట్టుకుని ఆయన సొంతంగా పుట్టించిన మాట అది. ఆయన రాసిన వ్యాసంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ముందు ఒళ్ళు పులకరించింది. తన మాట అచ్చులోకెక్కింది! ఎవరికైనా చూపిద్దామని పక్కకి కూడా చూశారు. పక్కన ఒకాయన దినపత్రిక కప్పుకుని కునుకుతున్నారు. అప్పుడు పుస్తకం వెనక్కి తిప్పి అచ్చయిన సంవత్సరం చూశారు. ఐదేళ్ళ క్రితం. ఆయన వ్యాసం రాసి ఎనిమిదేళ్ళు.

చెవులు వేడెక్కాయి. తను తెలియక రాసింది ఎవరో ఎత్తి పుస్తకంలో వేసుకున్నారు. ఆ పుస్తకాన్నే తను సాక్ష్యంగా తెచ్చి, ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్న మనిషిని గెంటేశాడు. తనకి తనే సాక్ష్యం చెప్పుకున్నాడు. పుస్తకం జాగ్రత్తగా అరలో పెట్టి, బయటికొచ్చి, మెట్లమీద కూర్చుని డబ్బా విప్పారు. రెండు ముద్దలు తిన్నాక తన్నుకొచ్చిన నవ్వు ఆపుకోలేకపోయారు.

సాయంత్రం నిషేధం ఎత్తేశారు. వ్యాసంలో సూది కన్నుని కిందికి దించారు. ఆ పుస్తకం పేరు కొట్టేశారు. “మిషనుతో వచ్చిన కాగితాలేవైనా ఉన్నాయాండీ?” అని అడిగితే అత్తగారు సొరుగు లాగి, నూనె మరకల చిన్న పుస్తకం ఒకటి ఇచ్చింది. మిషను తయారుచేసినవాళ్ళు అచ్చేసిందే. మూడో పుటలో సూది బొమ్మ, కన్ను దగ్గరికి బాణం గుర్తు. దాన్ని మూలంగా చేర్చారు.

మిగిలింది క్షమాపణ. బుధవారం పొద్దున్నే లేచి రాసి, భార్యకి చూపించారు. ‘సదరు వ్యాసమున పొరపాటు దొర్లినందుకు, తత్ఫలితముగా అసౌకర్యము కలిగినందుకు చింతిస్తున్నాము.’

ఆవిడ బీరకాయ తొక్కు తీస్తూనే చదివింది. “చింతిస్తున్నాము అంటే ఎవరెవరు? మీరూ, ఇంకా?”

“మర్యాదకి బహువచనమే.”

“పొరపాటు దొర్లిందట! కొండమీంచి రాయి దొర్లినట్టు దానంతటది దొర్లిందా? మీరు దొర్లించారా?”

“వ్యాకరణం ప్రకారం అలా కూడా…”

“వ్యాకరణం వెనకాల దాక్కోకండీ” అంది ఆవిడ, బీరకాయలోంచి తలెత్తకుండా.

ఆయన మళ్ళీ కూర్చున్నారు. ఎవరివో ఒత్తులు దిద్దడానికి అరనిమిషం పట్టని మనిషికి ‘నేను’ అన్న రెండక్షరాలు రాయడానికి టీ రెండుసార్లు కావలసి వచ్చింది. చివరికి ఇలా రాసి, అందరూ చూసే చర్చాపేజీలో పెట్టారు.

‘మిషను సూది కన్ను పైన ఉంటుందని ఎనిమిదేళ్ళ క్రితం తెలియకుండా రాసింది నేను. కత్తెరగారు చెప్పింది నిజం. నేను చూపించిన పుస్తకం నా తప్పునే, నేను పుట్టించిన బుడ్డిగిరకతో సహా, ఎత్తి రాసింది. మా ఇంట్లో మిషను ఉంది. దాని ముందే కూర్చుని, దానిమీదే రాస్తూ కూడా వంగి చూడలేదు. కత్తెరగారు సూది చూపిస్తే నేను ఒత్తులు చూశాను. పైగా బయటికి పంపాను. క్షమించండి. ఇదివరకు నేను విధించిన నిషేధాలు కూడా ఎవరైనా ఒకసారి చూడండి.’

తోటివాళ్ళు ఊరుకుంటారా! ఒకాయన ‘మిషనుమీద మిషను గురించి తప్పు రాసిన ఘనత మీదే’ అన్నాడు. ఇంకొకరు ‘బుడ్డిగిరకకి శతమానం’ అన్నారు. బామ్మ మాత్రం ఓపిగ్గా పాతవన్నీ తిరగేసి, తొందరపడినవి ఇంకో రెండు ఉన్నాయని తేల్చింది. ఆయన ఆ ఇద్దరికీ విడివిడిగా రాసుకున్నారు, రెండు చోట్లా ‘నేను’ అనే మొదలుపెట్టి.

కత్తెర నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. గురువారం పొద్దున చూశారు, సాయంత్రం చూశారు. శుక్రవారం కౌంటరు దగ్గర మాత్రలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టారు.

“మనసు విరిగిపోయిందేమోనమ్మా. ఇక రారేమో” అన్నారు బామ్మతో ఫోనులో.

“వస్తారులెండి” అంది గానీ ఆ పిల్ల గొంతులోనూ ధీమా లేదు.

శనివారం మధ్యాహ్నం జవాబొచ్చింది. ఉకారంగారు నిలబడే చదివారు.

‘అయ్యా ఈ వారం నేను ఇటు చూడలేదు. బడి పిలల బటలు నూట ఇరవై జతలు ఇవాలి. ఇపుడే అయింది. నిషేధం అంటే ఏమిటి? మీరు ఎందుకు ఇంత బాధపడారు? పేజీ ఇపుడు బాగుంది. బుడిగిరక ఏమిటో తెలీక మా వాళ్ళందరినీ అడిగాను, ఎవరికీ తెలీదు. రేపు మా షాపుకి రండి, మేము అనే మాటలు చెబుతాం. మారెటు వీధిలో చెపుల షాపు పైన.’

ఐదురోజులు తను తిండి సయించక తిరిగితే, అవతల మనిషి తలుపు వేశారని కూడా గమనించలేదు! ఉకారంగారు కుర్చీలో కూలబడ్డారు. తర్వాత, “ఏమేవ్, నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసుందా?” అని కేకేశారు.

ఆదివారం పది గంటలకు బామ్మని వెంటబెట్టుకుని, ఇరుకు మెట్లెక్కి వెళ్ళారు. పొడవాటి గది. కిటికీ పక్కన వరసగా నాలుగు మిషన్లు, మధ్యలో కత్తిరింపుల బల్ల, నేలంతా నీలం గుడ్డముక్కలు. బల్ల దగ్గర సుద్దతో గీతలు గీస్తున్న పెద్దాయన్ని చూసి ఉకారంగారు చేతులు జోడించారు.

“కత్తెరగారూ, నేను ఉకారంగారిని.”

పెద్దాయన తెల్లబోయి చూశాడు. కిటికీ దగ్గర మిషను ఆగింది. మెడలో టేపు వేసుకున్న ఆవిడ, యాభై దాటి ఉంటాయి, నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి మెత్తకి గుచ్చి లేచింది.

“కత్తెర నేనండీ. ఆయన మా కటింగు మాస్టరు. రండి, రండి. మంచినీళ్ళు తాగుతారా?”

బామ్మ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉకారంగారు నీళ్ళు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, “నేను మీ ఒత్తుల గురించి అలా అనకుండా ఉండాల్సిందమ్మా” అన్నారు.

“ఒత్తులా?” ఆవిడ నవ్వింది. “నాకు రాకేం బాబూ! కుడిచేత్తో గుడ్డ పట్టుకుని ఎడంచేతి బొటనవేలితో ఫోను నొక్కుతాను. ఒత్తు పెట్టాలంటే ఇంకో రెండు నొక్కులు. గుడ్డ జారిపోదూ?”

ఆయన నోటుపుస్తకం తెరిచారు. ఆవిడ చూపిస్తూ చెప్పింది, ఆయన రాసుకున్నారు. దారం బిగువు సరిచేసే మర, గుడ్డని నొక్కిపట్టే పాదం, గుండీ దూర్చే కాజా. బుడ్డిగిరకని ఆయనే కొట్టేసి బాబిను అని రాశారు. బామ్మ ఫోనులో బొమ్మలు తీసుకుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు కాబట్టి, ఊళ్ళో కుట్టుపనివాళ్ళందరి దగ్గరా మాటలు రికార్డు చేసి భద్రపరచవచ్చా, అదొక మూలంగా ఒప్పుకుంటారా అని చర్చాపేజీలో అడగాలని ఇద్దరూ అనుకున్నారు.

“నేలమీద పడిన ఈ ముక్కల్నేమంటారండీ?” అని అడిగారు ఉకారంగారు.

“పేలికలు” అంది కత్తెర.

“పేలికలేమిటి? పీలికలు” అన్నాడు కటింగు మాస్టరు, సుద్ద కింద పెట్టి.

మూల కూర్చుని గుండీలు కుడుతున్నావిడ తలెత్తింది. “రెండూ కాదు. పీలికంటే చినిగినది. ఇవి కోసినవి. కత్తిరింపులనాలి.”

“ముప్ఫై ఏళ్ళుగా పేలికలనే ఊడుస్తున్నాం ఈ గదిలో!”

“నువ్వు ఊడ్చావేమో, కోసింది నేను. నేను పెట్టిందే పేరు!”

“మా నాన్న కత్తిరింపులనేవాడు, ఆయన్ని మించినోడివా?” అంది గుండీలావిడ.

మిషన్లన్నీ ఆగాయి. నాలుగో మిషను మీదున్నావిడ కూడా ఏదో కొత్త మాట అందించబోయింది. బామ్మ ఉకారంగారి వైపు ఓరగా చూసింది. కటింగు మాస్టరు బల్ల చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చాడు.

“మీరు చెప్పండి సార్. చదువుకున్నవారు. పేలికా, పీలికా?”

ఉకారంగారు నోరు తెరిచారు. పదకొండేళ్ళలో అటువంటి ప్రశ్నకి ఆయన జవాబు తడుముకున్న రోజు లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన గదిలో అందరి మొహాలూ చూశారు.

“నాకు తెలీదండీ” అన్నారు.

అనేశాక ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో చూసుకుని తనే ఆశ్చర్యపోయారు. ముక్కాలిపీట ముందుకి జరుపుకుని, నేలమీది కుప్పలోంచి మూడు మూలలున్న నీలం ముక్కొకటి ఏరి పైకెత్తారు.

“మూడూ రాసుకుంటాను. మరి ఇలా మూడు మూలలు మిగిలిన దాన్ని ప్రత్యేకంగా ఏమైనా అంటారా?”

నలుగురూ ఒకేసారి నాలుగు పేర్లు చెప్పారు.